చైత్రానందస్వామి చెప్పిన ప్రళయం

ఒక పెద్ద అడవిలో చెట్లకేం లోటు లేదమ్మా, కానీ మన కథంతా ఒక నల్లరాయి చుట్టూనే తిరుగుతుంది. చైత్రమాసం మొదలవుతూనే ఆ రాయి మీద ఒక మగకోకిల వచ్చి వాలాడు. ఒళ్లంతా నలుపు, కళ్లు మాత్రం మందారాల్లా ఎరుపు.

కోకిలలకు ఆ ఎరుపు పుట్టుకతోనే వస్తుంది. కాకులకు ఆ సంగతి తెలియదు. "తపస్సు చేసి చేసి కళ్లెలా అయిపోయాయో చూడండి," అనుకున్నాయి.

ఆపైన ఆయన నోరు తెరిచాడు. అయ్యా, మీరైనా నేనైనా పడిపోయేవాళ్లమే. "పురుగు రుచిగా ఉంది" అన్నా మంత్రం చదివినట్టుండే గొంతు అది. వారం తిరిగేసరికి కోకిల చైత్రానందస్వామి అయ్యాడు. రాయి కింద రోజూ పండ్లు పోగుపడుతున్నాయి. నలుగురు చేరిన ప్రతిచోటా కార్యదర్శి అయిపోయే గోరింక ఒకడు ఇక్కడా కార్యదర్శి అయ్యాడు.

జ్యేష్ఠమాసం మొదట్లో నూకాలు అనే కాకమ్మ వచ్చింది. కొత్తగా నాలుగు గుడ్లు పెట్టింది, ఆశీర్వాదం కావాలి దానికి. చాలా అమాయకంగా ఒక మాట అడిగింది.

"స్వామీ, తమరి గూడు ఏ చెట్టు మీదండీ? ఒకసారొచ్చి దణ్ణం పెట్టుకుంటాం."

స్వామికి పండు గొంతులో అడ్డం పడింది. కోకిలలకు గూడు కట్టడం రాదు. వాళ్లింటి ఆడవాళ్లు కాకి గూట్లో గుడ్డు పెట్టేసి చల్లగా జారుకుంటారు. ఆ మాట పైకెలా చెప్పడం?

"గూడా?" అన్నాడు స్వామి, కాసేపు ఆకాశం చూసి. "గూడున్నవాడికి ఏరువాక పున్నమి గడవదు తల్లీ."

"అంటే ఏంటి స్వామీ?"

అంటే ఏమిటో ఆయనకూ తెలియదు. కానీ నలభై కాకులు నోళ్లు తెరుచుకుని చూస్తున్నాయి. వినేవాళ్లు అలా చూస్తుంటే చెప్పేవాడికి ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

"ఆ రోజు వాయుదేవుడు వస్తాడు. గూడు కనిపించిన ప్రతి చెట్టునూ వేళ్లతో సహా పీకేస్తాడు. గూడు లేనివాణ్ణి మాత్రం భుజాన మోసుకుని స్వర్గానికి తీసుకుపోతాడు."

తన సిగ్గు దాచుకోవడానికి ఆయన ఆడిన మాట అంతే. మిగతాదంతా గోరింక చూసుకున్నాడు. రోజుకో పుల్ల గూట్లోంచి పీకి తెచ్చి రాయి ముందు పెట్టాలి, దాని పేరు పుల్ల సమర్పణ. గుడ్లన్నీ తెచ్చి రాయి కిందున్న పల్లంలో పెట్టాలి, దాని పేరు శరణు గుంట. గాలి చెట్లనే కొడుతుంది గానీ పల్లాన్ని ఏం చేస్తుంది?

నూకాలు మొగుడు సింహాద్రికి ఆవేశం ఎక్కువ. అందరూ ఒక్కో పుల్ల తెస్తే తను పదకొండు తెచ్చాడు. పుల్లభక్త శిరోమణి అని బిరుదిచ్చారు.

"ఏమయ్యా, గుడ్ల కింద మెత్తటి పీచు కూడా లాగేస్తున్నావేంటి?" అంది నూకాలు.

"స్వామికి మంచిదే ఇవ్వాలి గదే."

"మరి గుడ్లు దేని మీదుంటాయి?"

"గుంటలో పెడదాం. అందరూ పెట్టట్లా?"

నూకాలుకి మనసొప్పలేదు. పక్క చెట్టు తొర్రలో ఉండే వడ్రంగి పిట్ట తాతను అడిగింది.

"ఆ పల్లం సంగతి నన్నడుగు," అన్నాడు తాత. "చినుకు పడిందంటే రాయి మీది నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. నా తొర్రలో చోటుంది, తెచ్చి పెట్టుకో."

"ఈయనకి దేవుడంటే గిట్టదు," అన్నాడు సింహాద్రి.

"పొద్దున లేస్తే చెట్టుకి వెయ్యిసార్లు తల కొట్టుకుంటాను రా. మీ స్వామి ఒక్కసారైనా వంచాడా?"

నూకాలు తొర్ర వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. గుడ్లు గుంటలోనే పెట్టింది. కాపురం కూడా చేసుకోవాలి గదమ్మా.

ఆ మర్నాడు స్వామి భార్య ఆయాసపడుతూ వచ్చింది.

"ఏమండీ, నేను గుడ్డు పెట్టాలి. అడవంతా తిరిగాను, ఒక్క కాకి గూడు లేదు."

"పక్క అడవికి వెళ్లకపోయావా?"

"మీ ప్రళయం నాకంటే ముందే వెళ్లింది అక్కడికి."

స్వామి తల గోక్కున్నాడు.

"పోనీ మీరే ఒకటి కట్టండి," అంది. "పుల్లలు మీ ముందు కొండలా పడున్నాయిగా."

"నాకు రాదని నీకు తెలుసు."

"మరి వాళ్ల చేత పీకించడం ఎలా వచ్చింది?"

ఇక నొప్పులాగక ఆవిడ కూడా ఆ గుంటలోనే పెట్టి, మొగుడి మొహం చూడకుండా ఎగిరిపోయింది.

ఏరువాక పున్నమి వచ్చింది. ఆకు కదల్లేదు. ఆకాశం చూసి చూసి కాకులకు మెడలు పట్టేశాయి. సాయంత్రం గోరింక లేచి, "మీ భక్తికి వాయుదేవుడి మనసు కరిగింది. వారం గడువిచ్చాడు," అని ప్రకటించాడు. నిన్నటిదాకా ఊగిసలాడిన కాకులు కూడా ఆ మాటతో గట్టిపడిపోయాయి.

"ఇక నా గుడ్లు తెచ్చుకుంటాను," అంది నూకాలు.

"ఎక్కడ పెడతావే? గూడేది?" అన్నాడు సింహాద్రి.

నాలుగో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలీ లేదు, పిడుగూ లేదు. ఏటా వచ్చే తొలకరి వానే, దేవుడు పంటల కోసం పంపే చల్లటి వాన. రాయి మీంచి నీళ్లు జారి గుంటలోకి దిగసాగాయి.

స్వామి రాయి అంచుకు దూకాడు. ఆయన గుడ్డు కూడా అందులోనే ఉందాయె. మొదటిసారి నిజం చెబుదామని నోరు తెరిచాడు. "తియ్యండి, గుడ్లు తియ్యండి!" అని అరవబోయాడు.

కానీ వానాకాలం వస్తే కోకిల గొంతు మూగబోతుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. రెక్కలు కొట్టుకున్నాడు, గుంట వైపు ముక్కు చాచాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు.

"స్వామి మౌనదీక్ష పట్టారు," అన్నాడు గోరింక. "ఆనందబాష్పాలు చూడండి. ఎవరూ కదలొద్దు."

ఎవరూ కదల్లేదు. నూకాలు ఒక్కతే కదిలింది. "దీక్ష చెడుతుందే," అని మొగుడు రెక్క పట్టుకుంటే, రెండు ఈకలు వాడి ముక్కులోనే వదిలేసి నీళ్లలో దూకింది. మెడలోతు బురదలో వెతికి వెతికి, ముక్కుకి తగిలిన ఒక్క గుడ్డు తీసుకుని తాత తొర్రలో పెట్టింది. మళ్లీ వచ్చేసరికి గుంట చెరువైపోయింది.

ఆ ఏడు ఆ రాయి చుట్టుపక్కల ఒక్క కాకిపిల్ల పుట్టలేదు. స్వామి ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. "ప్రళయం వస్తుందన్నారు, వచ్చిందా లేదా?" అని గోరింక ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

తొర్రలో గుడ్డు చిట్లింది. పిల్ల కళ్లు తెరిచి నూకాలుని చూసి, "కుహూ" అంది.

తాత తల వంచేసుకున్నాడు. నూకాలు తెచ్చిన పురుగు దాని నోట్లో పెట్టింది.

ఆ కూత వినబడిన కాకులు ఒక్కొక్కటే వచ్చి తొర్ర ముందు వాలాయి. "ఏం గొంతు," అంది ఒకటి. సింహాద్రి వెళ్లి, ఒక పుల్ల తెచ్చి పిల్ల ముందు భక్తిగా పెట్టాడు.

నూకాలు ఆ పుల్ల తీసుకుని పై కొమ్మకి ఎగిరింది, గూడు మొదలుపెట్టడానికి.

నీతి: ప్రళయానికి శ్రద్ధగా సిద్ధపడండి, అది తీరిక లేక రాకపోయినా దాని పని మామూలు వాన చేసిపెడుతుంది.