దుర్గ రాయని ఉత్తరం

ఎండ ముదరకముందే మిరపకాయల తొడిమలు తీసేసి, సాయంత్రంలోగా మిల్లులో కారం పట్టించాలని లక్ష్మీదుర్గ పొద్దున్నే వరండాలో చాప పరుచుకుని కూర్చుంది. లోపల హాల్లో ఆమె భర్త శివరామకృష్ణ రిహార్సల్ చేయిస్తున్నాడు. పెళ్లికి ముందు తామిద్దరూ రాసుకున్న ప్రేమలేఖలనే ఆయన నాటకంగా మలిచాడు. ఆ సాయంత్రమే మార్టూరు నాటక పరిషత్తు పోటీల్లో ప్రదర్శన. జుట్టుకు రంగేసుకుని కుర్ర రచయిత వేషం ఆయనే కడుతున్నాడు. అప్పటి నటి దుర్గ వేషానికి గుంటూరు నుంచి శ్రీదివ్య అనే అమ్మాయిని పిలిపించాడు. అసలు దుర్గను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

"నాకీ రంగస్థలం వద్దు ప్రియా! మీ వంటింట్లో దీపమై వెలిగితే చాలు!" అంది లోపల శ్రీదివ్య, గొంతు వణికిస్తూ.

లక్ష్మీదుర్గ చేతిలో మిరపకాయ గింజలతో సహా నలిగిపోయింది. తను అలా రాయడమా! ఒళ్లు మండిపోయి, విసవిసా హాల్లోకి వెళ్లి భర్త చేతిలోని స్క్రిప్టు లాక్కుంది.

"ఏ ఉత్తరంలో రాశానండీ ఇది? చూపించండి!" అంటూ ఆ కారం చేతులతోనే పేజీలన్నీ తిరగేసింది.

"నాటకమన్నాక కాస్త కల్పన ఉండాలి దుర్గా. జడ్జీలు కరిగిపోవద్దూ?"

"రెండేళ్లు ఇంట్లో ఉండు, తర్వాత నేనే స్టేజీ ఎక్కిస్తానన్నది మీరు. ఇప్పుడు నేనే వద్దన్నానని ఊరంతా చెబుతారా? ఆ ముక్క తీసెయ్యండి!"

"ఉత్తమ రచన బహుమతి ఆ ముక్క మీదే ఉంది. తర్వాత మాట్లాడుకుందాం, వెళ్లి పని చూసుకో," అన్నాడాయన, ఈగను తోలినట్టు.

ఆ 'తర్వాత మాట్లాడుకుందాం' వినీ వినీ ఆమెకు విసుగెత్తిపోయింది. స్క్రిప్టు ఆయన ఒళ్లోకి గిరాటేసి వచ్చేసింది.

శివరామకృష్ణకు వేలు నాలుకతో తడుపుకుని పేజీ తిప్పే అలవాటు. తిప్పాడు. నాలుక భగ్గుమంది. కంగారులో అదే వేలితో కళ్లు నులుముకున్నాడు. ఇక బొటబొటా కన్నీళ్లే. అది చూసి శ్రీదివ్య మనసు వెన్నలా కరిగిపోయింది.

"మేడమ్ అంత కోప్పడినా, ఆమె ఉత్తరాలు చూసి ఏడుస్తున్నారా సార్! ఎంత ప్రేమ సార్ మీది!" అని ఆ స్క్రిప్టు అందుకుని, భక్తిగా రెండు కళ్లకూ అద్దుకుంది.

ఆమె పెట్టిన కేక వీధి చివరికి వినబడింది. మధ్యాహ్నానికి కళ్లు గారెల్లా పొంగాయి. డాక్టరు చుక్కల మందు వేసి, లైట్ల ముందుకు వెళ్లొద్దని గట్టిగా చెప్పాడు. శివరామకృష్ణ ఇంకో నటి కోసం తెనాలికీ ఒంగోలుకూ ఫోన్లు చేశాడు. పరిషత్తుల సీజన్ కదా, ఒక్కరూ ఖాళీ లేరు. చివరికి ఎర్రటి కళ్లతో వరండాలోకి వచ్చి నిలబడ్డాడు.

"దుర్గా, నీ వేషం నువ్వే వెయ్యాలి."

"వేస్తాను. నా ఉత్తరం నేను రాసినట్టే చెబుతాను."

"అట్లా కుదరదు..."

"అయితే మీరే చీర కట్టుకోండి."

ఆయన తల ఊపాడు. జనం ముందుకొచ్చాక తనే సర్దుకుంటుందిలే అనుకున్నాడు.

ఇన్నేళ్ల తర్వాత లైట్ల కింద నిలబడితే లక్ష్మీదుర్గకు కోపంతోపాటు ఏడుపూ తన్నుకొచ్చింది. ఏడుపు మింగేసి, కోపం ఉంచుకుంది.

"'రెండేళ్లు ఆగమన్నారు, ఆగుతాను. మాట తప్పితే మీ నాటకాలన్నీ పొయ్యిలో పెడతాను.' ఇదీ నేను రాసింది! మన పిల్ల బీటెక్ కూడా అయిపోయింది. ఏదండీ నా స్టేజీ?"

ఆ ప్రశ్న ఆయన స్క్రిప్టులో లేదు. చెమటలు కక్కుతూ, "ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నాడు.

"ఇక్కడే కక్కించమ్మా!" అని ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో అరిచారు.

"నీ మంచికే వద్దన్నాను!" అని ఆయన నోరు జారాడు.

ఖాళీ నీళ్ల సీసా ఒకటి వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడింది. తెర దించేశారు. చప్పట్లు మాత్రం ఆగలేదు.

బహుమతులు ప్రకటించారు. ఉత్తమ రచన మరెవరికో పోయింది. ఉత్తమ నటి అంటూ ముందు ఇచ్చిన వివరాల ప్రకారం శ్రీదివ్య పేరు చదివారు. లక్ష్మీదుర్గ వేదికెక్కి, మైకు లాక్కుని, తన పేరు తనే చెప్పి బహుమతి తీసుకుంది. తర్వాత ఉత్తమ ప్రతినాయకుడిగా శివరామకృష్ణ పేరు పిలిచారు.

ఆయన లబలబలాడుతూ వేదిక దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యా, పొరపాటు జరిగింది! ఇది ప్రేమ నాటకమండీ. అందులో నేను నాయకుణ్ణి!"

పెద్ద జడ్జీగారు కళ్లజోడు సర్దుకుని ఆయన్ని ఎగాదిగా చూశారు.

"అలాగా? మాకెవరికీ ఆ అనుమానమే రాలేదండీ."