చింతపండుతో తోమిన ఓడ గంట

ఆ గురువారం పొద్దున భీమశంకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మ్యూజియానికి వెళ్లాలి, గంట తోమాలి, తోటి వాలంటీరు పద్మనాభం కంటే తానే మొనగాడినని తేల్చేసి భోజనం వేళకి ఇంటికి వచ్చేయాలి. అందుకోసం వంటింట్లోంచి కొబ్బరికాయంత చింతపండు, గుప్పెడు ఉప్పు, కాస్త పీచు ఒక స్టీలు డబ్బాలో సర్దుకున్నాడు.

"ఏవండీ, చింతపండు డబ్బా ఖాళీ అయిపోయిందేంటండీ? ఇండియన్ స్టోరుకి రెండు గంటలు డ్రైవ్ చేయాలి. అమ్మాయికేమో శనివారం దాకా డ్యూటీ," అని కోటమ్మ మొత్తుకుంది.

"చారు లేకపోతే చచ్చిపోంలే," అన్నాడు భీమశంకర్. చారు లేనిదే ముద్ద దిగని మనిషి ఆ మాట అన్నాడంటే లోపల ఎంత మండుతోందో కోటమ్మకి అర్థమైపోయింది.

ఆయన కూతురు రజిని అమెరికాలో జార్జియా తీరంలోని ఆ చిన్న దీవి ఆసుపత్రిలో డాక్టరు. ఆర్నెల్లు ఉండటానికి వచ్చిన భీమశంకర్ పొద్దుపోక అక్కడి మ్యూజియంలో వాలంటీరుగా చేరాడు. రెండు గదుల చెక్క ఇల్లు. పాత తెడ్లు, వలలు, దిక్సూచులు, మునిగిపోయిన ఓడల బొమ్మలు, ఆ దీవి నావికులు ఇళ్లకి రాసుకున్న ఉత్తరాలు. కాకినాడ రేవులో ముప్పై రెండేళ్లు ఓడల్ని లాగే టగ్గు నడిపే సరంగుగా పనిచేసిన మనిషికి అక్కడ అడుగుపెట్టగానే ప్రాణం లేచొచ్చింది.

నెల తిరక్కుండానే పద్మనాభం దిగాడు. ఆయనది వరంగల్. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాడు, కొడుకు రజినితోపాటే డాక్టరు. సముద్రంలో మోకాలి లోతు దాటి దిగిన పాపాన పోలేదు. కానీ ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు. తుఫాను కథ మొదలుపెట్టాడంటే చూడవచ్చినవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. మ్యూజియం నడిపే లిండా మురిసిపోయి ఆయన నెత్తిన నావికుల టోపీ పెట్టింది. అప్పట్నుంచీ దీవి మొత్తానికి ఆయన "కెప్టెన్". అసలు సరంగేమో గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ల చొక్కాలకి స్టిక్కర్లు అంటిస్తున్నాడు. వచ్చే ఆదివారం వార్షికోత్సవంలో ఈ ఏటి ఉత్తమ వాలంటీరు ఫొటో గోడకెక్కుతుంది. ఎవరిదో అడగక్కర్లేదు. ఆ ఊహ వచ్చినప్పుడల్లా భీమశంకర్ కడుపులో కాగుతున్న నూనెలో ఆవాలు పడ్డట్టుండేది.

ఇక మిగిలింది గంట. ఎవరో జాలరి వలలో పడిన నూట ముప్పై ఏళ్ల నాటి ఓడ గంట అది. మధ్య గదిలో నల్లగా, పచ్చగా చిలుము పట్టి వేలాడుతుంటుంది. భీమశంకర్ టగ్గులో ఇత్తడి ఒక్కరోజు మెరవకపోతే పైవాళ్లు చెడతిట్టేవాళ్లు. అలాంటిది ఇంత మంది చూసే గంటని ఇలా వదిలేస్తారా? దాని పక్కన ఏదో బోర్డుంది గానీ, దాని గురించి చెప్పేది పద్మనాభం కాబట్టి భీమశంకర్ ఎప్పుడూ చదవలేదు, వినలేదు.

గురువారాలు మ్యూజియానికి సెలవు. దుమ్ము దులపడానికి ఇద్దరు వాలంటీర్ల దగ్గరా తాళాలుంటాయి. భీమశంకర్ ఒక్కడే గంటన్నరసేపు చెమటలు కక్కుతూ తోమాడు. పైపొర ఊడొచ్చి గంట బంగారంలా తేలింది. మీద ఏవో అక్షరాలు కూడా బయటపడ్డాయి. ఓడ గంటన్నాక ఓడ పేరుండదూ, ఇందులో వింతేముందని ఆయన పట్టించుకోలేదు. డబ్బా కడిగి సంచిలో పెట్టుకుని, పొగడ్తల కోసం గుమ్మంలో నిలబడ్డాడు.

సెలవైనా ఒకసారి వచ్చి చూసిపోయే అలవాటున్న లిండా వచ్చింది. గంటని చూసింది. ఆవిడ వేసిన కేకకి బయట నీటికొంగలు లేచిపోయాయి.

"ఓ మై గాడ్! దాని మీద నూట ముప్పై ఏళ్ల సముద్రం ఉంది! ఎవరు తుడిచేశారు? పాత లోహాన్ని ముట్టుకోకూడదని మొదటి రోజే చెప్పానా లేదా?"

చెప్పే ఉంటుంది. అది పద్మనాభం అనువదించి చెప్పాడు, భీమశంకర్ అప్పుడు కూడా వినలేదు.

భీమశంకర్ దుమ్ము దులపడానికి అప్పుడే వచ్చాడనుకుందేమో, లిండా ముక్కు ఎగబీల్చింది. "ఈ వాసన నాకు తెలుసు. పోయిన వారం తిన్నాను. ఇది కెప్టెన్ తెచ్చే పుల్లటి అన్నం వాసన!"

పద్మనాభం భార్య విజయశ్రీ పులిహోర చేసి పంపని వారం లేదు. నేనేనని చెప్పడానికి భీమశంకర్ నోరు తెరిచాడు. తెరిచిన నోరు దానంతటదే మూసుకుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. సిగ్గేసింది, నిజమే. కానీ ఆ సిగ్గు కింద ఒక చల్లటి సంతోషం కూడా ఉంది.

ఫోన్ చేయగానే పద్మనాభం పరుగెత్తుకొచ్చాడు. గంట చూసి రెండు క్షణాలు తెల్లబోయి, టోపీ తీసి లిండా చేతిలో పెట్టాడు. "తప్పు నాదే మేడమ్, క్షమించండి," అన్నాడు ఇంగ్లీషులో.

భీమశంకర్‌కి మతిపోయింది. బయటికి రాగానే గొంతు తగ్గించి అడిగాడు. "అదేంటండీ, మీరు తోమారా?"

"నేనెందుకు తోముతనండీ! మొన్న మా విజయశ్రీ వచ్చి, గింత నల్లగున్నదేంది, చింతపండు వెట్టి తోముతే తళతళ మెరుస్తది అన్నది. తాళం చెవి ఇంట్ల ఆమె దగ్గర్నే ఉంటది. ఆమెనే తోమి ఉంటది. అడిగితే మనసు నొచ్చుకుంటది. పోనీ, మాట నా మీదనే పడనీ."

 ఈ మనిషి తప్పు ఒప్పుకోవడంలో కూడా తన కంటే ఒక మెట్టు పైనే ఉన్నాడని భీమశంకర్‌కి ఇంకా ఒళ్లు మండింది.

గంట ఎవరి కంటా పడకుండా లిండా దాని మీద నల్లగుడ్డ కప్పేసింది. టోపీ భీమశంకర్ నెత్తికెక్కింది. "కాకినాడ కెప్టెన్‌నే!" అని ఇంట్లో అద్దం ముందు రెండు రోజులు తిరిగాడు. శనివారం పదిమంది చూడ్డానికి వచ్చేసరికి అసలు సంగతి తెలిసొచ్చింది. తుఫాను గురించి "బిగ్ విండ్, వెరీ బిగ్ విండ్" అని మూడుసార్లు అన్నాక ఇంగ్లీషు అయిపోయింది. అందరూ ఇంకా తన మొహమే చూస్తున్నారు. ఏం చేయాలో తోచక గంట మీది గుడ్డ లాగేశాడు.

వచ్చినవాళ్లలో వాల్టర్ అనే ఎనభై ఏళ్ల రొయ్యల పడవ మనిషి ఉన్నాడు. కళ్లజోడు సర్దుకుని గంట మీద వేళ్లు పెట్టి ఒక్కో అక్షరం తడిమాడు. "ఎమ్మా హార్డింగ్," అని చదివి కుర్చీలో కూలబడి ఏడ్చాడు. వాళ్ల ముత్తాత ఎక్కి వెళ్లిన ఓడ అది. ఏ సముద్రంలో ఏమైందో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. లిండా బోర్డు వైపు చూసింది. దాని మీద "పేరు తెలియని ఓడ గంట" అని ఉంది.

"కెప్టెన్ తోమకపోతే ఈ పేరు ఎప్పటికీ దొరికేది కాదు!" అంటూ ఆవిడ ఫోన్ దగ్గరికి పరుగెత్తింది. పోతూ పోతూ భీమశంకర్ నెత్తి మీది టోపీ తీసుకుపోయింది.

ఆదివారం దీవి అంతా అక్కడే ఉంది. లిండా పద్మనాభాన్ని వేదిక మీదికి పిలిచింది. చప్పట్ల మధ్య విజయశ్రీ మొగుడి చెయ్యి పట్టుకుంది. "గంట తోమిండ్రని మెచ్చుకుంటున్నరా? మీరు ఇంట్ల గిన్నె కూడా తోమరు గదా!"

పద్మనాభం ఆగిపోయాడు. "నువ్వు తోమలేదా?"

"నేనెందుకు తోముతా?"

భీమశంకర్ ఇక ఆగలేకపోయాడు. లేచి, వచ్చిన భాషలోనే అరిచాడు. "తోమింది నేనండీ! రెండు చేతులూ పొక్కిపోయేలా నేనే తోమాను!"

"మరి మొన్న ఎందుకు చెప్పలే?" అన్నాడు పద్మనాభం.

భీమశంకర్ తల దించుకున్నాడు. "భయమేసిందండీ. భయం కంటే... మీరంటే కుళ్లండీ నాకు. మీ మీద పడితే పడిందిలే అనుకున్నాను."

ఏమంటున్నాడని లిండా అడిగింది. పద్మనాభం మైకు అందుకున్నాడు. ముప్పై రెండేళ్లు ఉప్పునీళ్లలో అరిగిన చేతుల గురించి చెప్పాడు. మెరవని ఇత్తడిని చూసి ఊరుకోలేని నావికుడి ప్రాణం గురించి, పరాయి దేశంలో మాట రాని మనిషి భయం గురించి చెప్పాడు. కుళ్లు సంగతి ఒక్కటి మాత్రం అనువదించలేదు. వాల్టర్ మళ్లీ ఏడ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టి, ఇంత బాగా చెప్పినందుకు పద్మనాభాన్ని కౌగిలించుకున్నారు.

లిండా న్యాయం తప్పే మనిషి కాదు. ఇద్దరినీ గంటకి చెరోవైపు నిలబెట్టి ఫొటో తీయించింది. మర్నాడు దాన్ని గోడకి కొట్టారు. భీమశంకర్ కోటమ్మని వెంటబెట్టుకెళ్లి, ఛాతీ విరుచుకుని దాని ముందు నిలబెట్టాడు.

కోటమ్మ దగ్గరికెళ్లి పరకాయించి చూసింది. వెనక్కి జరిగి మళ్లీ చూసింది.

"ఎవరు తోమితేనేం గానీ, కెప్టెన్ కళంటే ఆ పద్మనాభంగారిదేనండీ," అంది.