అకడమిక్ అంటే దీపం

తొమ్మిదేళ్లుగా తాత్కాలిక ఉద్యోగంలో నలుగుతున్న లైబ్రరీ గుమాస్తా ఆ ఉదయం పెందలాడే కాలేజీకి వచ్చాడు. సాయంత్రం తనిఖీకి వచ్చే అధికారిణి సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంటు. ఈలోపు అతను చేయాల్సిందల్లా గేటు పక్క నల్లబల్ల మీద రోజూ రాసే ‘నేటి మాట’ రాయడమే. ఇవాళ్టి మాటను ప్రిన్సిపాలే ఇచ్చాడు: అకడమిక్.

చదువుకూ పాండిత్యానికీ సంబంధించినది అని అర్థం రాసేశాడు. ఆ మాట పుట్టుక దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క ఆగింది. నిఘంటువు బైండింగుకు వెళ్లి నెలయింది. ఖాళీ వదిలితే బద్ధకమంటారు. అటూ ఇటూ చూసి, “గ్రీకులో అకడ అంటే దీపం” అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు.

అందరూ చూశారు. మొదటి పీరియడ్లోనే ఇంగ్లీషు లెక్చరరు దాన్ని పాఠంలో చెప్పింది. ప్రిన్సిపాలు మురిసిపోయి స్వాగతోపన్యాసంలో చేర్చి, ఆ కాగితాన్ని అధికారిణికి ముందే పంపించాడు. పన్నెండు కొట్టేసరికి డ్రాయింగు మాస్టారు నిచ్చెనెక్కి హాలు గోడ మీద నిలువెత్తు దీపం వేసేశాడు.

మూడింటికి బైండరు నిఘంటువు తెచ్చాడు. అందులో ఆ మాట ఒక తోపు పేరు నుంచి వచ్చిందనీ, పూర్వం అక్కడ ఒక గురువు పాఠాలు చెప్పేవాడనీ ఉంది. దీపం ఊసే లేదు. గుమాస్తా పుస్తకం చంకన పెట్టుకున్నాడు. పడుతూ లేస్తూ ప్రిన్సిపాలు గదికి వెళ్లాడు.

“సార్, అది దీపం కాదండి, తోపట.”

“ఎవరన్నారు?”

“నిఘంటువండి.”

“ఇంగ్లీషు మేడం దీపమంది. నా ఉపన్యాసంలో దీపముంది. గోడ మీదా దీపమే. నీ పుస్తకమొక్కటే తోపంటోంది. అసలు దీపమని మొదట చెప్పిందెవరు?”

“నేనేనండి.”

“నీ మాట మీద నీకే నమ్మకం లేకపోతే ఎలాగయ్యా?”

ఇంతలో అధికారిణి హాల్లోకి రానే వచ్చింది. తొమ్మిదేళ్ల ఆశకు నీళ్లొదులుకుని గుమాస్తా ఆమె ముందు ఆ పేజీ తెరిచి పట్టుకున్నాడు.

“తప్పు నాదేనండి. తోచింది రాసేశాను.”

ఆమె ఆ పేజీని రెండుసార్లు చదివింది. గోడ మీది దీపాన్ని చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

“ఇక్కడికొచ్చే ముందు రెండు కాలేజీల్లో దీపమనే చెప్పొచ్చాను. చప్పట్లు కూడా కొట్టారు.”

ఆమె పుస్తకం మూసి, అట్టను వేలితో నొక్కి చూసింది.

“ఈ అట్ట సరిగ్గా అతికినట్టు లేదే” అంటూ ఫైలు మీద సంతకం పెట్టింది.

పర్మనెంటు గుమాస్తాగా అతను రాసిన మొదటి కాగితం, నిఘంటువును మళ్లీ బైండింగుకు పంపే చీటీ.