మీసాల రోబో నోటి దురుసు

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకంలో వంకపెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికల్లా భార్య అచ్చాపీసులో ఉండాలి. ప్రూఫులు దిద్దే ఉద్యోగం, మూడేళ్లు ఎదురుచూస్తే వచ్చింది, మొదటిరోజు. పాపను చూసుకోవడానికి ముందురోజే భార్య తల్లి, అంటే అత్తగారు, పెట్టె పుచ్చుకుని దిగారు. ఆవిడ ఉంటేనే ఈ ఉద్యోగం, లేకపోతే లేదు. ఇక భర్తగారు, రేడియో మెకానిక్, షాపు తెరిచేలోగా తన బుల్లి రోబోకు మీసాలు పెట్టాలనుకున్నాడు. ఇంకే రోజూ దొరకనట్టు!

మీసాలంటే రెండు సన్నటి ఉక్కుతీగలు. దేనికైనా తగిలితే తీగ వంగి, వెనకున్న మరను తాకుతుంది. దాంతో రోబోకు ఏదో అడ్డం వచ్చిందని తెలుస్తుంది. వెంటనే వెనక్కి జరిగి, "క్షమించండి, చూసుకోలేదు" అనాలి. ఆ మాట తన గొంతుతోనే పెడదామని అతను మూడు సెకన్ల రికార్డరు మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే భార్య పాలసీసా పెట్టుకోవడానికి బల్లమీది తీగ ఒకటి పక్కకు జరిపింది.

"ముట్టుకోకు! ఎన్నిసార్లు చెప్పాలి? బుద్ధుందా?"

అతనికి కోపం ముక్కు మీదే ఉంటుంది. అరిచాక గొంతు సవరించుకుని, తేనె పూసినట్టు "క్షమించండి, చూసుకోలేదు" అన్నాడు. మూడు సెకన్లూ అరుపుకే సరిపోయాయని చూసుకోలేదు. రోబోను నేలమీద వదిలేసి గడ్డం గీసుకోవడానికి పోయాడు.

ముందుగదిలో పాప ఏడ్చింది. అత్తగారు ఉయ్యాల మంచం మీదికి వంగి రెండు చేతులూ చాచారు. కిందికి దూరిన రోబో మీసం మంచంకోడుకు తగిలింది.

"ముట్టుకోకు! ఎన్నిసార్లు చెప్పాలి? బుద్ధుందా?"

అచ్చం అల్లుడి గొంతే. ఆవిడ చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. సొంత మనవరాలిని ముట్టుకోకూడదట! పైగా ఏకవచనం! ఏడుస్తున్న పాపను తెచ్చి కూతురి చేతిలో పెట్టి, ఆవిడ పెట్టె సర్దడం మొదలుపెట్టారు.

సంగతి విన్న భార్య ఒంటికాలిమీద లేచింది.

"ఏమండీ! మా అమ్మ ముట్టుకుంటే తప్పా?"

"ఎవరు ముట్టుకున్నా తప్పే!" అద్దం ముందు నుంచి మెకానిక్ గర్జించాడు. అతని బుర్రలో ఉన్నది రోబో. "మూడు నెలలు నానా చావూ చచ్చి చేశాను!"

"మీరొక్కరే చేశారా? తొమ్మిది నెలలు మోసింది నేను!"

"నువ్వు మోశావా? ఒక్క మరైనా బిగించావా?"

అప్పటికి అత్తగారు పెట్టెతో వీధి గుమ్మం చేరారు. భార్య భుజాన ఉన్న సంచి తీసి కుర్చీలోకి విసిరికొట్టింది. గడియారం తొమ్మిదికి పావు తక్కువ చూపిస్తోంది. "అయిపోయింది. నా ఉద్యోగం మంటగలిసిపోయింది. మీ కడుపు చల్లబడిందా?" అంటూ ఏడ్చేసింది. నురగ మొహంతో పరిగెత్తుకొచ్చిన మెకానిక్‌కు ఏమీ అర్థం కాలేదు.

ఇంతలో రోబో గదిలోంచి తాపీగా వచ్చి, పెట్టెకు మీసం తగిలించింది.

"ముట్టుకోకు! ఎన్నిసార్లు చెప్పాలి? బుద్ధుందా?"

ముగ్గురూ కిందికి చూశారు. మెకానిక్ ఎగిరి గంతేశాడు.

"చూశారా! నేను కాదండీ అత్తయ్యగారూ, ఇది!"

"గొంతు ఎవరిది?"

"నాదే. కానీ మిమ్మల్ని అంటానా? రామరామ! దీన్ని అన్నాను," అని సంబరంగా భార్యను చూపించాడు.

అత్తగారు పెట్టె కింద పెట్టారు. "మా అమ్మాయినా?"

"నువ్వు ఒక్కసారి విన్నావమ్మా, పెట్టె సర్దేశావు," అంది భార్య, కళ్లు తుడుచుకుంటూ. "నేను నాలుగేళ్లుగా రోజూ వింటున్నాను."

మెకానిక్ గడ్డం మీది నురగ చుక్కలుగా నేలమీద పడింది. అత్తగారు సంచి తీసి కూతురి భుజాన తగిలించారు.

"నువ్వు బయల్దేరు. నేనెక్కడికీ పోను. అల్లుడుగారూ, ఇవాళ షాపు తీయకండి. పాపను ఎత్తుకుని కూర్చోండి. ఆ మాట చెరిపేసి మంచిమాట పెట్టండి. నేను వింటాను."

అతను కూర్చున్నాడు. పాప తీగలు లాగినప్పుడల్లా "క్షమించండి" కాస్తా అరుపైపోయింది. పదకొండోసారికి గానీ మాట మెత్తగా రాలేదు.

సాయంత్రం భార్య గుమ్మంలో అడుగుపెట్టగానే రోబో వచ్చి ఆమె కాలికి తగిలింది. వెనక్కి జరిగి, "క్షమించండి, చూసుకోలేదు" అంది. ఆమెకు నవ్వొచ్చింది. వంగి దాని మీసం సవరించబోయింది.

"ముట్టుకోకు!" అన్నాడు మెకానిక్.

ఆ ఇంట్లో క్షమాపణ చెప్పడం ఇప్పటికి రోబోకు మాత్రమే వచ్చు.