భోషాణం అరుగెక్కిన రోజు

ఆ రోజు ఉదయం దస్త్రాల గది బాబాయ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదికల్లా ఆఫీసుకు చేరాలి, బల్ల తుడవాలి, పదింటికి పెద్దసారు మీట నొక్కుతుంటే పక్కన నిలబడాలి. ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడడానికి మనిషికి పెద్ద తెలివి అక్కర్లేదు గదా అనుకున్నాడు.

బాబాయ్ అన్నది వరస కాదు, అలవాటు. నీటి పంపులు చేసే ఆ కంపెనీలో రెండు వందల మంది ఉంటే, పెద్దసారు తప్ప అందరూ ఆయనను బాబాయ్ అనే పిలుస్తారు. ఇరవై ఏడేళ్లుగా కంపెనీ కాగితాలన్నీ ఆయన చేతి మీదుగానే బీరువాల్లోకి వెళ్లాయి. ఆరేళ్లుగా మాత్రం బీరువాకు బదులు కంప్యూటర్లోకి వెళ్తున్నాయి. దాన్ని కంపెనీలో భోషాణం అంటారు. స్కాన్ చేసి అందులో దాచిన కాగితం చిరగదు, తడవదు, దాన్ని ఎలుక కొట్టదు.

కంప్యూటర్లో ఇంకొకటి కూడా ఉంది. దాని పేరు అరుగు. కంపెనీ వాళ్లంతా ఫోన్లలో ముచ్చట్లు రాసుకునేది, ఒకరి మాటకు ఒకరు లైకులు కొట్టుకునేది అక్కడ. భోషాణాన్నీ అరుగునూ కలిపేస్తే ఎవరికి ఏ కాగితం కావాలన్నా దస్త్రాల గది దాకా నడవక్కర్లేదు, ఫోన్లోనే దొరుకుతుందని పెద్దసారు ఆలోచన. ఆ రోజు నొక్కే మీట అందుకే.

"గది దాకా నడవక్కర్లేకపోతే ఇక గదెందుకండీ?" అని పోయిన నెల సమావేశంలో ఎవరో అడిగారు.

పెద్దసారు బాబాయ్ వంక చూశాడు. "ఇది సాఫీగా నడిచిందా, గది ఉంటుంది, మీరే చూసుకోండి. నడవలేదా, కాగితాలన్నీ బయటి కంపెనీకి అప్పజెబుతాం. మీరు గేటు దగ్గర విజిటర్ల పుస్తకం చూద్దురుగాని" అన్నాడు.

ఆ మాట బాబాయ్ ఇంట్లో చెప్పలేదు. మీట సంగతి మాత్రం చెప్పాడు.

"భోషాణం లోపలి గదిలో ఉండాలి గానీ, తెచ్చి అరుగు మీద పెడతారా ఎవరైనా?" అంది భార్య, చొక్కా కాలరు సరిచేస్తూ.

"నీకు తెలీదు లేవే. ఇది కంప్యూటరు భోషాణం."

"ఏదైతేనేం. మూతంటూ ఒకటి ఉంటుందిగా."

జవాబు తట్టనప్పుడు బాబాయ్ చెప్పులు వేసుకుంటాడు. వేసుకుని వెళ్లిపోయాడు.

భోషాణంలో దాచిన ప్రతి కాగితానికీ రెండు గడులు ఉంటాయి. మొదటిది 'వివరం'. అందులో ఉత్తరమనో, సెలవు చీటీ అనో రాస్తారు. రెండోది 'గమనిక'. అది ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లకే గుర్తులేదు. ఎవరూ నింపరు. బాబాయ్ నింపాడు. చదవకుండా కాగితం దాచడం ఆయనకు చేతకాదు. ఎద్దును కొనేవాడు పళ్లు చూసినట్టు ప్రతి కాగితాన్నీ అటూ ఇటూ తిప్పి చూసి, కనబడినది కనబడినట్టు రాసిపెట్టుకున్నాడు. తన గుర్తు కోసమే. ఆరేళ్లకు అవి పదకొండు వేలయ్యాయి.

భోషాణానికీ అరుగుకూ ముడి వేసే పని కంప్యూటరమ్మాయిది. నిరుడే చేరింది, చురుకైన పిల్ల. పోయిన వారం ఆమె గదికి వచ్చి, "బాబాయ్, అరుగు మీద కాగితం పక్కన ఒక్క గడే పడుతుంది. ఏది చూపించమంటారు, వివరమా, గమనికా?" అని అడిగింది.

"వివరంలో ఏముంటుందమ్మా, ఉత్తరాన్ని ఉత్తరం అని రాస్తాం. అసలు సంగతి గమనికలోనే ఉంటుంది."

నిజమే చెప్పాడు. ఇక మీదట వచ్చే కాగితాల మాటే అనుకున్నాడు, కాస్త చూసుకుని రాద్దామనుకున్నాడు. ఆ పిల్లకు పెద్దసారు ఇచ్చిన ఆదేశం మాత్రం 'పాతవీ కొత్తవీ అన్నీ' అని. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. పైగా పని మీద శ్రద్ధ కొద్దీ, కాగితంలో ఎవరి పేరుంటే వాళ్ల ఫోను మోగే ఏర్పాటు కూడా చేసింది.

పదింటికి హాల్లో పెద్ద తెర ముందు అందరూ చేరారు. పదకొండింటికి నీటి సరఫరా సంస్థ వాళ్లు పంపులు చూడడానికి వస్తున్నారు. వాళ్లు నాలుగు వందల పంపులు కొంటారో లేదో ఆ రోజే తేలుతుంది. వాళ్లకు చూపించాలనే పెద్దసారు ముహూర్తం అలా పెట్టాడు. మీట నొక్కాడు. చప్పట్లు కొట్టారు. బాబాయ్ చొక్కా ముందుకు లాక్కుని నిలబడ్డాడు.

మొదటి ఫోను కొనుగోళ్ల సెక్షను ఆవిడది మోగింది. తెర మీద ఆవిడ సెలవు చీటీ, దాని పక్కన బాబాయ్ ఫొటో, కింద గమనిక: "మేనత్త పోయారని నాలుగు రోజుల సెలవు. ఈ మేనత్తే రెండేళ్ల కిందట కూడా పోయారు. ఈసారి ఖాయమేమో."

"అయ్యో, ఆవిడ మొన్న బస్సులో నా పక్కనే కూర్చున్నారే!" అంది రిసెప్షనిస్టు. మంచి కబురు చెబుతున్నాననే అనుకుంది.

తర్వాత డిజైనరు ఫోను మోగింది. "ఈ బొమ్మలో నీళ్లు లోపలికి వచ్చే దారి ఉంది, బయటికి పోయే దారి లేదు. చెబితే కోప్పడ్డారు. మర్నాడు పెన్సిలుతో గీశారు." తర్వాత స్టోరుకీపరుది. ఆ తర్వాత ఎవరిదని చెప్పడానికి వీల్లేకుండా హాలంతా ఒక్కసారిగా, తేనెతుట్టె కదిపినట్టు మోగింది. ఆ గోలలోనే పెద్దసారు జేబు కూడా మోగింది. "సమయపాలన గురించి సర్క్యులర్. పొద్దున తొమ్మిదికి పంచాలని ఉంది. గదికి సాయంత్రం నాలుగున్నరకు చేరింది."

చప్పట్లు కొట్టిన చేతులన్నీ కిందికి దిగాయి. బాబాయ్ మాత్రం తెర వంకే చూస్తున్నాడు. తన అక్షరాలు అంత పెద్దవిగా ఆయన ఎప్పుడూ చూడలేదు.

పది నిమిషాల్లో దస్త్రాల గది ముందు వరస కట్టారు.

"బాబాయ్, నా అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని రాస్తావా?" అన్నాడు స్టోరుకీపరు.

"అలా రాయలేదురా. కోడి కెలికినా ఇంతకంటే తెలుస్తుంది అని రాశాను."

"మూడు గంటల సమావేశంలో తేలిందల్లా ఇంకో సమావేశం పెట్టాలని, అంటావా?" అని ఇంకొకాయన ఎగిరాడు.

"ఇంకేమైనా తేలిందా బాబూ? తేలితే చెప్పు, దిద్దుతాను."

ఆయన కాసేపు ఆలోచించి వెళ్లిపోయాడు.

కంప్యూటరమ్మాయి జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "బాబాయ్, తప్పు నాదే. ఆపాలంటే పెద్దసారు రాతపూర్వకంగా అనుమతివ్వాలి. నేను తెస్తాను. ఈలోగా మీరు ఘాటుగా ఉన్నవి చూసి కాస్త మెత్తగా మార్చేయండి."

బాబాయ్ కూర్చున్నాడు. ఒంటి వేలితో, ఎంచుకుని ఎంచుకుని, ఇరవై రెండు గమనికలు చెరిపి అన్నింట్లోనూ 'బాగుంది' అని కొట్టాడు. ఆ మాట కొడుతున్నంతసేపూ ఆయనకు చేదు మందు మింగినట్టే ఉంది. ఇరవై మూడోది తెరుస్తుండగా బయట మళ్లీ ఫోన్లు మోగాయి.

భోషాణం మరవడం ఎరగదు. ఏది మార్చినా పాతది కూడా దాచుకుంటుంది. అరుగుకేమో ప్రతి మార్పూ ఒక కొత్త కబురే. అందుకని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించింది. పాత గమనిక: "ఈ మేనత్తే రెండేళ్ల కిందట కూడా పోయారు." కొత్త గమనిక: "బాగుంది."

"మా అత్త పోతే బాగుందా బాబాయ్!" అని కొనుగోళ్ల ఆవిడ వరండా చివర్నుంచే అరిచింది.

"పోలేదుగా తల్లీ. అదే బాగుందన్నాను."

ఈలోగా పెద్దసారు ఆదేశం వచ్చింది. "వెంటనే ఆపివేయవలెను" అని రాసి, కాగితం చిరిగేటంత గట్టిగా సంతకం పెట్టాడు. సంతకం పెట్టిన ఏ కాగితమైనా ముందు భోషాణంలో చేరాకే చెల్లుతుందన్నది ఆ కంపెనీ నియమం. ఆ నియమం పెట్టింది కూడా పెద్దసారే. బాబాయ్ కాగితాన్ని స్కాన్ చేశాడు. తల ఇంకా కొనుగోళ్ల ఆవిడ దగ్గరే ఉంది గానీ, చెయ్యి తన అలవాటు తాను మానలేదు. నిమిషంలో అరుగు మీద పెద్దసారు ఆదేశం, కింద గమనిక: "తొందరలో రాసింది. ఏది ఆపాలో, ఎవరు ఆపాలో లేదు." దానికి నూట నలభై మూడు లైకులు పడ్డాయి గానీ, ఏదీ ఆగలేదు.

పెద్దసారు గదికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక ఒకసారి గుద్దుకున్నాడు కూడా.

"ఇప్పుడే మీ సామాను సర్దుకోండి. మధ్యాహ్నం నుంచి గేటు దగ్గర కూర్చోండి."

"సార్, ఆ కలిపింది నేను" అంది కంప్యూటరమ్మాయి.

"నీ సంగతి తర్వాత చూస్తాను."

బాబాయ్ బీరువాల వంక ఒకసారి చూశాడు. పెన్ను మూత బిగించాడు. అప్పుడే రిసెప్షనిస్టు పరుగున వచ్చి, "సార్, నీటి సరఫరా వాళ్లు వచ్చి ఇరవై నిమిషాలయింది. హాల్లో నిలబడి తెర చదువుతున్నారు" అంది.

పెద్దసారు పరిగెత్తాడు. వెనకాలే అందరూ పరిగెత్తారు. హాల్లో ముగ్గురున్నారు. ముందు నిలబడిన తనిఖీ అధికారిణి కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని, చేతి పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. తెర ఎలా ఆర్పాలో పెద్దసారుకు తెలియదు. రెండు చేతులూ చాపి తెరకు అడ్డంగా నిలబడ్డాడు, చేలోకి పశువు రాకుండా నిలబడినట్టు.

"కాస్త పక్కకు జరుగుతారా? చదువుతున్నాను" అంది ఆవిడ.

జరిగాడు. తెర మీద పంపుల సెక్షను ఫోర్‌మన్ ఇచ్చిన పరీక్ష కాగితం ఉంది. గమనిక: "ఎనిమిది కొలతలూ సున్నాతోనే ముగిశాయి. నీళ్లు అంత బుద్ధిగా ఉండవు. వెనక్కి పంపాను." దాని కిందే ఇంకొకటి: "మళ్లీ తెచ్చారు. ఈసారి అంకెలు వంకరగా ఉన్నాయి. నిజంగా కొలిచినట్టే ఉంది. తీసుకున్నాను."

ఫోర్‌మన్ గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు.

"ఇవి రాసిందెవరు?" అని అడిగింది ఆవిడ.

"ఆయన్ని తీసేశామండీ. అంటే, ఆ గదిలోంచి తీసేశాం. ఇవాళే. ఇప్పుడే" అన్నాడు పెద్దసారు.

వెనక నుంచి బాబాయ్ ముందుకు వచ్చాడు. "నేనేనండి రాసింది."

"అన్ని కాగితాలూ మీరే చదివారా?"

"చదవకుండా ఎలా దాస్తానండి? ఏం దాచానో నాకు తెలియాలి కదా."

ఆవిడ పుస్తకం మూసింది. "పన్నెండేళ్లుగా ఈ పని మీద తిరుగుతున్నాను. పరీక్షలో నెగ్గిన కాగితాలు అందరూ చూపిస్తారు. వెనక్కి పంపిన కాగితం చూపించిన కంపెనీ ఇదొక్కటే. ఈ పంపుల నీళ్లు తాగే ఊళ్లున్నాయండీ. కొలవకుండా రాసిన పంపు వాళ్లకి ఎందుకు?" అని పెద్దసారు వైపు తిరిగింది. "ఇలా అన్నీ బయట పెట్టడానికి గుండె ధైర్యం కావాలి సార్. మాకంటే ముందే మీరు మీ తప్పులు తెర మీద వేసుకున్నారు."

పెద్దసారు చేతులు ఇంకా సగం చాపే ఉన్నాయి. మెల్లగా దించి, కోటు గుండీ పెట్టుకున్నాడు. "మా పద్ధతే అంతండీ. ఈ ఆలోచన నాదే."

"ఆ కాగితం నాదేనండి!" అన్నాడు ఫోర్‌మన్, గోడ వదిలి. ఈసారి తల ఎత్తే ఉంది. "ఈయన వెనక్కి పంపితే రెండోసారి మొత్తం విప్పి కొలిచాం. రోజంతా పట్టింది."

నాలుగు వందల పంపులకూ అక్కడే సంతకమైంది. ఆవిడ ఒక్క షరతు పెట్టింది: ప్రతి పంపు కాగితం మీదా ఈయన గమనిక ఉండాలి, అది ఎవరికైనా కనబడేట్టు ఉండాలి. గేటు ఊసు మళ్లీ రాలేదు. కంప్యూటరమ్మాయి సంగతి తర్వాత చూస్తానన్న పెద్దసారు, చూసి, ఆమెను మెచ్చుకుంటూ ఉత్తరం ఇచ్చాడు.

మధ్యాహ్నానికి గాలి మారింది. ఫోర్‌మన్ తన సెక్షను గోడకు ఆ రెండు గమనికలూ అచ్చు వేయించి అంటించాడు. డిజైనరు తన పెన్సిలు గీతను కొత్తగా చేరినవాళ్లకు వేలు పెట్టి చూపించాడు. కొనుగోళ్ల ఆవిడ మాత్రం మేనత్తను ఒకసారి ఆఫీసుకు తీసుకొస్తానంది, అందరూ చూస్తారని. సాయంత్రం సిబ్బంది వ్యవహారాల మేనేజరు గదికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "పదకొండు వేలల్లో నా గురించి ఒక్కటీ లేదేం బాబాయ్?" అని చిన్నబుచ్చుకున్నాడు.

"ఆరేళ్లలో మీరు ఒక్క కాగితమన్నా పంపితే కదండీ" అన్నాడు బాబాయ్.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య అడిగింది, "మీట నొక్కారా?" అని. నొక్కారన్నాడు. ఏమైందని అడిగింది. గది మనదేనన్నాడు. ఎప్పుడు కాకుండా పోయిందని ఆవిడ అడగలేదు. ఇంకో ముద్ద వడ్డించింది. ఆయన వీపు ఆ పూట నిటారుగానే ఉంది.

మర్నాడు బాబాయ్ మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గంట ముందే వచ్చి కూర్చున్నాడు. ఆ వారమంతా గదికి ఒక్క కాగితమూ రాలేదు. భోషాణం చెడిపోయిందేమోనని కంప్యూటరమ్మాయి వచ్చి చూసింది. చెడిపోలేదు. పంపబోయే ముందు, కంపెనీలో ఎవరి కాగితం వాళ్లు చదువుకుంటున్నారు.