ఎనొమొతో వారి తెల్లకుక్క

ఆ ఆదివారం పొద్దున షోజీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కను వెంటబెట్టుకుని కొండ మీద మెట్లుమెట్లుగా ఉన్న కమలా తోటలోకి వెళ్లడం, పైమెట్టు మీద ఒక చుట్టు తిప్పడం, చూడాలన్నవాళ్లకు దాన్ని చూపించడం, పొయ్యి మీది జావ చల్లారేలోపు ఇంటికి వచ్చేయడం. తోటల సంఘం నుంచి మహా అయితే నలుగురు వస్తారనుకున్నాడు. వాళ్లు కుక్కను చూసి, తలలూపి, ఎవరి పనుల్లోకి వాళ్లు పోతారు. ఆ తర్వాత తాను ఆడిన అబద్ధాన్ని అందరూ మెల్లగా మరిచిపోతారు.

అబద్ధం అనడం కూడా పెద్దమాటే. అది అర్థం కావాలంటే ముందు షోజీ సంగతి తెలియాలి.

షోజీ ఎనొమొతో వారింటికి ఇల్లరికం వచ్చినవాడు. పెళ్లినాడే పుట్టింటి పేరు వదిలేసి తానూ ఎనొమొతో అయిపోయాడు. తోట అత్తగారిది, ఇల్లు అత్తగారిది. ఇంటిల్లిపాదీ వాడే స్నానాల తొట్టిలో ఎవరి తర్వాత ఎవరు దిగాలన్నది కూడా అత్తగారే చెప్పాలి, షోజీ వంతు ఎప్పుడూ ఆఖరే. ఆవిడ పేరు తొమి. ఎనభై దాటాక మోకాళ్లు మొరాయించాయి గాని నోటికి ఆ బాధ లేదు. భార్య హరుయే మంచి మనిషే. కాకపోతే షోజీ మొదలుపెట్టిన ప్రతి వాక్యాన్నీ ఆమే పూర్తి చేస్తుంది. పెళ్లయ్యాక నువ్వు సొంతంగా ముగించిన వాక్యాలెన్ని అని ఎవరైనా షోజీని అడిగితే, ఆ జవాబు కూడా హరుయేనే చెప్పేది.

అలాంటి షోజీ, మూడేళ్ల కిందట ఒక చలికాలం, నది ఎగువన కొండల్లో ఉండే ఓ ముసలి వేటగాడికి బుట్టెడు కమలాపండ్లు ఇచ్చి రావడానికి వెళ్లాడు. వేటగాడు వసారాలో కూర్చుని కత్తికి పదును పెట్టుకుంటున్నాడు. వాకిట్లో మంచు మీద ఒక తెల్లకుక్క పడుకుని ఉంది. కళ్లూ ముక్కూ నల్లగా లేకపోతే అక్కడ కుక్క ఉందని తెలిసేదే కాదు. ముసలాయన కత్తి ఒరలో పెట్టి లేచాడు. పిలవలేదు, ఈల వేయలేదు, కనీసం అటు చూడనైనా లేదు. కుక్క కూడా లేచింది. ఆయన అడుగు వేస్తే అదీ వేసింది, ఆయన ఆగితే అదీ ఆగింది. అలా ఇద్దరూ దేవదారు చెట్ల మధ్యకు వెళ్లి కనబడకుండా పోయారు. షోజీ బుట్ట పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. కొత్త సంవత్సరం నాడు గుళ్లో గంట మోగినప్పుడు కూడా అతని ఒళ్లు అంతగా జలదరించలేదు.

ఊళ్లో కుక్కలున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరి కారణం వాళ్లది. మంగలి పొట్టికాళ్ల కుక్కను తెచ్చుకున్నాడు, కుర్చీ కింద పడుతుందని. పోస్టాఫీసాయన కూతురు ఉంగరాల బొచ్చు కుక్కను తెచ్చింది, స్వెటర్లు వేయడానికి బాగుంటుందని. షోజీకి కావలసింది వేరు. తను లేస్తే లేచే ప్రాణి ఈ భూమ్మీద ఒక్కటుంటే చాలు. కిషు జాతి కుక్క ఒక్క యజమానినే ఎంచుకుంటుందని, మిగతా లోకం ఉన్నా లేకపోయినా దానికి ఒకటేనని వేటగాడు చెప్పాడు. ఆ మాట విన్నాక షోజీకి నిద్ర పట్టలేదు. వసంతంలో వేటగాడి దగ్గర పిల్ల పుడితే, అది పాలు మానగానే వెళ్లి తెచ్చుకున్నాడు. తెత్సు అని పేరు పెట్టాడు. ఇనుము అని అర్థం.

తెత్సు పెరిగింది. పాలరాయిలాంటి ఒళ్లు, నిక్కబొడుచుకున్న చెవులు, కొడవలిలా వంగిన తోక. మొరగదు. గోడ మీద నిలబడి సముద్రం వైపు చూస్తుంటే దారిన పోయేవాళ్లు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. షోజీ పనులు మానుకుని దాన్ని చూస్తూ కూర్చునేవాడు. ఒకటే లోపం. పిలిస్తే రాదు. బ్యాంకులో పక్కవాడి గొడవ వింటున్న మనిషిలా మర్యాదగా ఒకసారి చూసి, మళ్లీ సముద్రం వైపు తిరిగేది. అన్నం పెడితే తినేది, తాడు కడితే నడిచేది, అంతకుమించి సంబంధం లేదు. ఇంకా చిన్నది కదా అని షోజీ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. రెండేళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాడు.

కోతలకు ముందు తోటల సంఘం వాళ్లు ఏటా చేసే విందులో అసలు గొడవ మొదలైంది. ఆ ఏడు అడవిపందుల బెడద మరీ ఎక్కువ. కరెంటు తీగలు కట్టినవాడి బాధ ఒకటి, రాత్రంతా రేడియో పెట్టినవాడి బాధ ఇంకొకటి. క్షౌరశాల నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లినవాడి తోటలో పందులు ఆ వెంట్రుకల మీదే పడుకున్నాయట. అందరూ చెప్పుకుంటున్నారు. రెండు గిన్నెల సాకె సారా లోపలికి వెళ్లాక షోజీ కూడా "మా తెత్సు ఒకరోజు పందిని చూసింది" అన్నాడు.

అక్కడ హరుయే లేదు. వాక్యం అందుకునేవాళ్లు లేరు. గది మొత్తం అతని వైపు తిరిగింది.

"చూసి?" అన్నాడు సంఘం పెద్ద నిషిబాతా.

జరిగింది ఇంతే. ఒక తెల్లవారుజామున పైమెట్టు మీద ఒక పంది కడుపునిండా తిని వెళ్లిపోతుంటే తెత్సు అక్కడే నిలబడి ఉంది. పంది దాన్ని చూసిందో లేదో కూడా షోజీకి తెలియదు. కాని తన మాట కోసం అంతమంది గిన్నెలు కింద పెట్టి ఎదురుచూడడం అతని జీవితంలో అదే మొదటిసారి.

"చూసింది, అంతే. పంది వెళ్లిపోయింది" అన్నాడు.

ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందంటే దాన్ని చెడగొట్టే ధైర్యం అతనికి చాలలేదు. మర్నాటికి ఒక పంది మూడయింది. ఆ మర్నాటికి తెత్సు కన్నెత్తి చూస్తే పందులు మోకాళ్ల మీద పడతాయన్నారు. ఆదివారం పొద్దున కుక్కను పైతోటల్లో ఒకసారి తిప్పమని నిషిబాతా స్వయంగా వచ్చి అడిగితే, షోజీ తప్పించుకోవడానికి మాటలు వెతుక్కుంటున్నంతలో హరుయే "తప్పకుండా తిప్పుతాడు" అని వాక్యం పూర్తి చేసేసింది.

ఆదివారం తలుపు తీసేసరికి వీధి నిండా జనం. సంఘం మొత్తం వచ్చింది. నారింజరంగు కోట్లు వేసుకున్న వేటగాళ్ల బృందం వచ్చింది. పండ్ల పెట్టెల మీద కుక్క బొమ్మ వేద్దామని సహకార సంఘం ఆడవాళ్లు వచ్చారు. ఊరి కేబుల్ టీవీ నుంచి ఒక అమ్మాయి మైకుతో, ఒక కుర్రాడు కెమెరాతో వచ్చారు. ఇది చాలదన్నట్టు నిషిబాతా దగ్గరికొచ్చి, కుక్కకు అడ్డం లేకుండా పైమెట్ల కరెంటు తీగలన్నీ నిన్న సాయంత్రమే విప్పించేశామని గర్వంగా చెప్పాడు. షోజీ తలెత్తి కొండ వైపు చూశాడు. పైమెట్లంటే ఊరందరి పంట. పండిన కాయ చెట్టు మీదే ఉంది.

హరుయే అతని చొక్కా పట్టుకుని పక్కకు లాగింది. "ఇప్పుడైనా నిజం చెప్పు. తీగలు మళ్లీ కట్టుకుంటారు."

చెబుదామనే నోరు తెరిచాడు. తెరిచిన నోటి ముందుకు మైకు వచ్చింది. ఇన్ని జాతులుండగా ఈ జాతినే ఎందుకు ఎంచుకున్నారని అడిగింది ఆ అమ్మాయి. రెండేళ్లుగా ఎవరైనా అడగాలని అతను ఎదురుచూసిన ప్రశ్న అది. మంచులో ఆ ముసలాయన, ఆ తెల్లకుక్క కళ్ల ముందు మెదిలారు.

"దీనికి యజమాని ఒక్కడే అమ్మా. అతని మనసులో మాట దానికి వినబడుతుంది. నోరు విప్పక్కర్లేదు" అన్నాడు.

జనం నిట్టూర్చారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఇక నోరు విప్పి పిలిచే దారి కూడా షోజీకి మూసుకుపోయింది.

పైమెట్టు మీద తాడు విప్పి, రాతిగోడ పక్కన నిలబడి, మనసులోనే బతిమాలాడు. కొంచెం అటు నడువు తల్లీ, నాలుగు చెట్లు చుట్టిరా, పరువు నిలబెట్టు. కింద సముద్రం మెరుస్తోంది. ఎండ పడి కమలాలన్నీ దీపాల్లా ఉన్నాయి. తెత్సు చెవి గోక్కుంది. ఆవులించింది. తర్వాత వెనక్కి తిరిగి, తొందర లేకుండా, కొండ దిగడం మొదలుపెట్టింది.

"వాసన పట్టింది" అన్నాడు నిషిబాతా గుసగుసగా.

జనం చెప్పులు చప్పుడు కాకుండా దాని వెంట బారు కట్టారు. కెమెరా కుర్రాడు వెనక్కి నడుస్తూ రెండుసార్లు గోడకు గుద్దుకున్నాడు. వేటగాళ్లు మాత్రం పైనే ఉండి, కుక్క ఎటునుంచి చుట్టుముడుతుందో చూద్దామని వెదురు పొదల్లోకి దూరారు. ఆ పొదల్లో నిజంగానే ఒక పంది పడుకుని ఉందని వాళ్లకు తెలియదు. తీగలు లేని మెట్ల మీదుగా అది కిందికి పరుగు తీసింది.

తెత్సు మెట్లన్నీ దిగి, సందు దాటి, నేరుగా ఎనొమొతో వారి వాకిట్లోకి వెళ్లింది. అక్కడ తొమి ఒక తిరగేసిన పెట్టె మీద కూర్చుని మచ్చకాయలు ఏరుతోంది. తెత్సు ఆవిడ వెనక చేరి పడుకుంది. వెనకే ఊరు ఊరంతా కెమెరాతో సహా లోపలికి వచ్చింది.

తొమి తలెత్తి చూసింది. "ఎవరు పోయారు?" అంది.

అంతలోనే సందులోంచి పంది వచ్చేసింది. గేదెదూడంత ఉంది. మెడ మీది వెంట్రుకలు ముళ్లలా లేచి ఉన్నాయి. నిషిబాతా వాకిట్లో నిలిపి ఉన్న చిన్న లారీ మీదికి ఎలా ఎక్కాడో తర్వాత ఆయనకే గుర్తు లేదు. మైకమ్మాయి ముల్లంగులు ఆరేసిన గుంజల మీదికి ఎక్కింది. సంఘం మొత్తం లారీలోనో, గోడ మీదో, ఒకరి భుజాల మీద ఒకరో సర్దుకుంది. షోజీ ఒక కాలు లారీ చక్రం మీద పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, అత్తగారు లేచి నడవలేదని. కాలు దించాడు. దించాడే గాని, ముందుకు అడుగు వేయలేకపోయాడు.

తెత్సు లేచి తొమికీ పందికీ నడుమ నిలబడింది.

మొరగలేదు. పళ్లు చూపించలేదు. ఒంటి మీద ఒక్క వెంట్రుక కదలలేదు. ఊరికే నిలబడింది, కొండలో ఒక రాయి ఉన్నట్టు. పంది ముక్కులోంచి వచ్చే ఆవిరి తప్ప ఆ వాకిట్లో ఏదీ కదలడం లేదు. తోటల మీద ఎప్పుడూ అరిచే పక్షులు కూడా ఆ కాసేపు ఎక్కడికి పోయాయో. ఇంత చిన్న ఒంట్లో ఇంత నిబ్బరం ఎక్కడ పడుతుందా అనుకున్నాడు షోజీ. భయం మరిచిపోయాడు. తన పరువు మరిచిపోయాడు.

తొమి చేతిలో కాయ బుట్టలో వేసింది. "తెత్సు" అంది, ఉప్పు అందుకో అన్నంత మామూలుగా.

కుక్క ఒక్క అడుగు ముందుకు వేసింది. ఒక్కటే. పంది తల పక్కకు తిప్పింది. తర్వాత మెల్లగా వెనుదిరిగి, వచ్చిన సందులోంచే వెళ్లిపోయింది. పరుగెత్తలేదు, నడిచింది. తెత్సు గుమ్మం దాకా సాగనంపి, వెనక్కి వచ్చి, తొమి పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది.

షోజీ టోపీ తీశాడు. లారీ మీద మగవాళ్లందరూ తీశారు.

మైకమ్మాయి గుంజల మీదినుంచే, మీరు మనసులో దానికి ఏం చెప్పారని అడిగింది. ఈసారి షోజీ తడుముకోలేదు.

"నేనేం చెప్పలేదమ్మా. అది నా మాట వినదు, ఎప్పుడూ వినలేదు. ఆరోజు పందిని నేను చూశాను గాని, అది కుక్కకు జడిసి పోయిందో, కడుపు నిండి పోయిందో నాకు తెలీదు. తీగలు కట్టేయండి."

హరుయే పక్కనే ఉంది. అతను పూర్తిచేసేదాకా ఆగింది.

తిట్లు పడతాయనుకున్నాడు షోజీ. నిషిబాతా లారీ దిగుతూ తొమి వైపు చూసి, "మేమంతా వింటూనే ఉన్నాం కదా ఆవిడ మాట, కుక్క వింటే వింతేముంది" అన్నాడు. మధ్యాహ్నమంతా షోజీ అందరికంటే ముందుండి తీగలు కట్టాడు. వద్దన్నా మిగతావాళ్లూ చేయి వేశారు.

సాయంత్రం జావ తాగుతూ, కుక్కను మీరెలా మచ్చిక చేశారు అత్తయ్యా అని అడిగాడు.

"నేనెక్కడ చేశాను? నాకసలు కుక్కలంటే పడదు" అంది తొమి, ఊరేసిన పండు గిన్నెలో వేసుకుంటూ. "పొద్దున్నే నాకు నిద్ర పట్టదు. వసారాలో కూర్చుంటాను. అదీ వస్తుంది. ఇద్దరం సముద్రం చూస్తాం. నేను పిలవను, అది అడగదు. నువ్వు రోజంతా దాని పేరు పిలుస్తూనే ఉంటావు అల్లుడూ. దానికెంత అలసటో చూశావా?"

గిన్నె కింద పెట్టి, లారీ ఎక్కబోయి దిగావట కదా అని అడిగింది. అవునన్నాడు. ఆ రాత్రి ఆవిడ స్నానాల తొట్టిలో అతణ్ని తనకంటే ముందు దిగమంది.

మరుసటి రోజు నిషిబాతా మరో ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని మంచి బట్టల్లో వచ్చాడు. చాప మీద మోకాళ్ల మీద కూర్చుని, కోతలయ్యేదాకా రోజూ పొద్దున పైతోటల్లోకి రావాలని చేతులు నేలకానించి వేడుకున్నాడు. వాళ్లు అడుగుతున్నది తనను కాదులే అనుకుని షోజీ కుక్క వైపు చూశాడు. వాళ్లు చూస్తున్నది కుక్కనూ కాదు. తొమిని. ఆవిడ ఎక్కడ కూర్చుంటే కుక్క అక్కడుంటుంది, ఆవిడ ఉన్నచోటికి పందే కాదు, సంఘం వాళ్లు కూడా అనుమతి లేకుండా రారు.

తొమి కొంచెం బెట్టు చేసి ఒప్పుకుంది. ఆ చలికాలమంతా పండ్ల పెట్టెలు మోసే బండి మీద దిండు వేసుకుని కొండ ఎక్కింది. కాయ ఒక్కటి పోలేదు. ఆవిడ కూర్చునే కుర్చీ షోజీ మోస్తాడు. ఎక్కడ వేయాలో తెత్సు చూపిస్తుంది.