మూడో వరుసలో అపరిచితురాలు

మా ఆయనకి ఏ పనీ సగంలో చూపించే అలవాటు లేదు. గుండీ కుట్టుకోవాలన్నా తలుపేసుకుంటారు. సగం గడ్డం గీసుకున్నాక ఇల్లంటుకుందని అరిచినా, మిగతా సగం గీసుకునే బయటికొస్తారు.

అలాంటి మనిషికి, సగంలో ఉన్న పరిశోధనలు మాత్రమే పంచుకునే సదస్సు నుంచి పిలుపొచ్చింది.

ఆయన కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతారు. రెండేళ్లుగా ఒక కృత్రిమ మేధకి సంగీతం నేర్పుతున్నారు. మనం కూనిరాగం తీస్తే అది సంతోషమో దుఃఖమో పైకి చెప్పాలి. సదస్సు పెద్దలు పనికొస్తుందంటే పని సాగుతుంది. లేదంటే టైంటేబుల్ కమిటీలో వేస్తానని ప్రిన్సిపాల్ అన్నారు. ఆ కమిటీలోకి వెళ్లినవాళ్లు మళ్లీ నవ్వగా చూసినవాళ్లెవరూ లేరు.

కూనిరాగాలన్నీ నావే. దుఃఖం సహజంగా రావాలని రోజూ పొద్దున్నే వంటింట్లో నాచేత ఉల్లిపాయలు తరిగించి పాడించారు. సంతోషం మాత్రం సాయంత్రం, ముందుగదిలో, టీ తాగాక. మూడు వందల ఏడుపులు, మూడు వందల నవ్వులు.

సదస్సు ఇంకా నాలుగు రోజులుందనగా, వంటింట్లో నేను హుషారుగా రాగం తీస్తుంటే గట్టుమీది ల్యాప్‌టాప్ “దుఃఖం” అంది. అనుమానమొచ్చి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కట్టేసి, అదే రాగం తీశాను. “సంతోషం” అంది. ఏడుపు రాగం తీశాను. దానికీ “సంతోషం” అనే అంది.

“ఏమండీ, మీ యంత్రం నా పాట వినట్లేదు. ఫ్యాన్ మోత వింటోంది. మోత ఉంటే ఏడుపు, లేకపోతే నవ్వు. ఏడుపులన్నీ ఆ ఫ్యాన్ కిందే కదా పాడించారు.”

ఆయన గబగబా వంటింటి తలుపేశారు. “ఎవరికీ చెప్పకు.”

“చెప్పుకోడానికేగా ఆ సదస్సు?”

“లోపాలు చెప్పుకోడానికి పదిమందిలోకి ఎవరైనా వెళ్తారా? నువ్వు మూడో వరుసలో ఎవరో తెలియనట్టు కూర్చో. ఎవరైనా పాడతారా అని అడుగుతాను. చెయ్యెత్తి సంతోషంగా పాడు. అక్కడ ఫ్యాన్ మోత ఉండదు కాబట్టి అది సంతోషం అంటుంది. నేను దిగిపోతాను.”

“ఎవరో అయితే మీ కారులో ఎలా వస్తాను?”

“బస్సులో రా.”

బస్సులోనే వెళ్లాను.

సదస్సు అధ్యక్షురాలు ఒక పెద్దావిడ. పది నిమిషాలు దాటినవాళ్లని గంట కొట్టి దింపేస్తోంది. గంటమ్మ అని మనసులోనే పేరు పెట్టుకున్నాను. తన యంత్రం జోలపాట అడిగితే బాకా ఊదుతోందని ఒకాయన హాయిగా చెప్పుకుంటే, అందరూ నవ్వి, సలహాలిచ్చి, చప్పట్లు కొట్టారు.

మా ఆయన మాత్రం మెడ బిగించి మైకు పట్టుకున్నారు. “మా యంత్రం పొరబడదు. ఎవరైనా పాడతారా?”

చెయ్యెత్తి పాడాను.

“దుఃఖం” అంది యంత్రం. నెత్తిమీద ఏసీ గుయ్యిమంటోందని అప్పుడు గమనించాను.

“మరోసారి, అమ్మా. కాస్త సంతోషంగా.”

ఈసారి చిటికెలు కూడా వేశాను.

“దుఃఖం.”

గంటమ్మ కళ్లజోడు సర్దుకుంది. “ఎందుకలా?”

“లోపం యంత్రంలో లేదండీ,” అన్నారు మా ఆయన తడుముకోకుండా. “ఈవిడ గొంతులోనే ఏదో విషాదముంది. యంత్రం పసిగట్టేసింది.”

హాలంతా నావైపు జాలిగా తిరిగింది. పక్కావిడ నా చెయ్యి నిమిరింది. “ఇంట్లో ఏమైనా ఇబ్బందా అమ్మా?”

“ఉందండీ. మైకు పట్టుకుని మాట్లాడుతోంది,” అని లేచి నేరుగా వేదికెక్కాను. “ఆ ఏసీ ఒక్క నిమిషం కట్టించండి.”

కట్టారు. నవ్వు రాగం తీశాను. “సంతోషం.” ఏడుపు రాగం తీశాను, ఉల్లిపాయల సాయం లేకుండానే. “సంతోషం.” ఫ్యాను సంగతి రెండు ముక్కల్లో చెప్పాను.

గంటమ్మ గంటని పక్కకి నెట్టేసింది. “మాలో ఎంతమందిమి ఇలాగే మోసపోతున్నామో! ఈ మాట వినడానికే కదా ఇంతమందిమి కూర్చున్నది. మోత తీసేసి మళ్లీ నేర్పండి. ఈ పని ఆపొద్దని మీ ప్రిన్సిపాల్‌కి నేను రాస్తాను. ఇంతకీ, ఈ లోపం పట్టుకుందెవరు?”

“అంటే... పరిశోధనలో భాగంగా...”

“ఎవరు?”

మా ఆయన మైకుని అరచేత్తో మూసి నా చెవిలో గొణిగారు. “తప్పైంది. ఇక వదిలెయ్.”

“నాకు వినపడిందిలెండి. మూడో వరుసకి వినపడొద్దూ?”

ఆయన నావైపు చూశారు. గంటమ్మవైపు చూశారు. మెల్లగా చెయ్యి తీశారు.

“ఈవిడ మా ఆవిడండీ. నాలుగు రోజుల కిందటే పట్టుకుంది. దాచమన్నది నేను. ఆ గొంతులో ఏ విషాదమూ లేదు. తప్పు నాది.”